స్ట్రెస్ థాలియంలో ‘రివర్సిబుల్’ అని వస్తే యాంజియో తప్పదా?

కాకినాడ_రవి:
నాన్నకి 64 ఏళ్లు. శ్రమలోనూ విశ్రాంతిలోనూ గుండెకి రక్తం ఎలా అందుతోందో ఫోటోలు తీసే స్ట్రెస్ థాలియం టెస్ట్ చేయించాం. రిపోర్టులో గుండె కింది గోడకి ‘స్మాల్, మైల్డ్ రివర్సిబుల్ డిఫెక్ట్’, ఈఎఫ్ (గుండె పంపింగ్ శాతం) 58 అని ఉంది. డాక్టర్ గారు యాంజియో (గుండె రక్తనాళాల్లో బ్లాకులు చూసే టెస్ట్) అంటున్నారు, నాన్న వద్దంటున్నారు. ఏం చేయాలి?

మొండి_మాస్టారు:
ఈఎఫ్ 50 దాటితే పంపింగ్ బాగున్నట్టే. పైగా మగవాళ్లకి కింది గోడ మీద డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య కండరం) నీడ ఫోటోలో పడుతుంది. కంగారొద్దు.

సరళ_ఖమ్మం:
నీడైతే విశ్రాంతిలో తీసిన ఫోటోలోనూ ఉండాలి కదండీ? శ్రమలో రక్తం తగ్గి, విశ్రాంతిలో మామూలైతేనే రివర్సిబుల్ అంటారు. ఈఎఫ్ బాగున్నంత మాత్రాన బ్లాకులు లేవని కాదు.

మొండి_మాస్టారు:
మనిషి కదిలినా ఫోటో మారుతుంది. సరే, నిజమే అనుకుందాం. 2020లో అచ్చయిన ఇస్కీమియా ట్రయల్ చూడండి. 5,179 మంది, ఇంతకన్నా పెద్ద తేడాలున్నవాళ్లు. ముందే యాంజియో చేసి స్టెంటో బైపాసో చేసినా, మందులతో మొదలుపెట్టినా మరణాల్లో తేడా రాలేదు.

సరళ_ఖమ్మం:
వాళ్లలో చాలామందికి ముందు సీటీ తీసి, లెఫ్ట్ మెయిన్ (గుండె ఎడమవైపు ముఖ్య రక్తనాళం) బ్లాకు ఉన్నవాళ్లని పక్కన పెట్టారు. రవిగారి నాన్నకి తీశారా? మా అన్నయ్యకీ ‘మైల్డ్’ అనే వచ్చింది. మీలాంటి పెద్దమనిషే ఒకాయన వాదించి ఆపేశాడు. సంక్రాంతిలోపే అటాక్.

పిల్లి_గడ్డం:
ఇద్దరూ డాక్టర్లేనా? 😀

మొండి_మాస్టారు:
కాదు, బిల్లు కట్టినవాణ్ణి. మా ఆవిడకి ఏ నొప్పీ లేదు. ‘ఒట్టి టెస్టే’ అని లోపలికి తీసుకెళ్లారు. కాసేపటికి వచ్చి ‘బ్లాకుంది, స్టెంట్ వేస్తున్నాం, సంతకం పెట్టండి’ అన్నారు. మనిషి టేబుల్ మీద ఉంటే నేనేం అడగను?

సరళ_ఖమ్మం:
అంటే మీ కోపం యాంజియో మీద కాదు, ఆ సంతకం మీద! ఆ ముక్క ముందే చెప్పక నీడల గొడవెందుకు? యాంజియో వరకే చేయండి, మిగతాది తర్వాత మాట్లాడదాం అని ముందే రాసివ్వచ్చు.

మొండి_మాస్టారు:
మీరెప్పుడైనా రాసిచ్చారా?

అరవింద్_డల్లాస్:
రవిగారూ, నడిస్తే నాన్నగారికి ఛాతీ పట్టేస్తోందా? ఎవరూ అడగలేదు. ఆ ట్రయల్‌లోనూ నొప్పి ఉన్నవాళ్లకి స్టెంటో బైపాసో చేస్తే ఉపశమనం ఎక్కువే కనిపించింది.

కాకినాడ_రవి:
మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోతున్నారండి. గ్యాస్ అంటున్నారు.

సరళ_ఖమ్మం:
మాస్టారూ, ఇప్పుడేమంటారు?

మొండి_మాస్టారు:
గ్యాసని కూర్చోబెట్టకండి రవీ. రేపే వెళ్లి ఈ మాట డాక్టర్ చెవిన వేయండి. సంతకం సంగతి మాత్రం లోపలికి వెళ్లకముందే తేల్చుకోండి.