సర్పెంటైన్ బెల్ట్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

కావలి_కుర్రోడు: పొద్దున కారు స్టార్ట్ చేయగానే కీచుమంటోంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. షెడ్డులో బెల్ట్ (ఇంజిన్ బయట ఉండి ఆల్టర్నేటర్, ఏసీ లాంటివాటిని తిప్పేది), దాన్ని బిగుతుగా పట్టే టెన్షనర్, దారి మళ్ళించే ఉత్త చక్రం ఐడ్లర్ పుల్లీ మూడూ మార్చాలంటున్నారు. బెల్ట్ ఒక్కటే నేను మార్చుకుంటే చాలదా? ఒరిజినలే కొనాలా?

చీమకుర్తి_రాయి: మా వైపు క్వారీ దుమ్ముకి బెల్ట్ కంటే ముందు బేరింగులే పోతాయి. బెల్ట్ తీసేసి ఐడ్లర్‌ని చేత్తో తిప్పి చూడు. గరగరమందా, అదే దొంగ.

పెన్నా_గట్టు: ముందు పగుళ్ళున్నాయేమో చూడు. లేకపోతే మార్చడం డబ్బు దండగ.

ఆత్మకూరు_డీజిల్: అది పాత నియోప్రీన్ బెల్టుల లెక్క. ఇప్పటివి ఈపీడీఎం రబ్బరు. పగుళ్ళు కనపడకుండానే టైరులాగా అరిగిపోతాయి.

పెన్నా_గట్టు: చదివింది చెప్పొద్దు సార్. నా బెల్ట్ పగిలే తెగింది, సింగరాయకొండ దగ్గర హైవే మీద. బ్యాటరీ లైటు వెలిగింది, టెంపరేచర్ ముల్లు పైకి పోయింది.

ఆత్మకూరు_డీజిల్: అంటే మీ బండిలో వాటర్ పంపు కూడా దాని మీదే తిరుగుతోంది. అన్ని బళ్ళకీ అలా ఉండదు. అది ఏ రబ్బరో చెప్పకుండా పగిలింది పగిలింది అంటే ఏం తేలుతుంది?

పెన్నా_గట్టు: నడిరోడ్డు మీద నిలబడ్డవాడికి రబ్బరు పేరెందుకు?

ఒంగోలు_షెడ్డు: ఇద్దరూ ఆగండి. నేను షెడ్డులోనే పెరిగినోణ్ణి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా బెల్ట్ గీతల వైపు స్ప్రే బాటిల్‌తో కాసిని నీళ్ళు కొట్టండి. శబ్దం కాసేపు ఆగి మళ్ళీ వస్తే పుల్లీల వరస తప్పింది. పెరిగితే బెల్ట్ జారుతోంది, టెన్షన్ చాలట్లేదు. సబ్బు మాత్రం రుద్దకండి.

చీమకుర్తి_రాయి: లుంగీ కట్టుకుని ఆ పని చేయకు తమ్ముడూ, చెయ్యి కూడా దూరంగా పెట్టు.

ఉలవపాడు_మామిడి: మా బావ టైమింగ్ బెల్ట్ తెగి ఇంజిన్ మొత్తం విప్పించాడు. జాగ్రత్త.

ఆత్మకూరు_డీజిల్: అది వేరే బెల్టండీ! కవరు లోపల ఉంటుంది. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగుతాయి. ఇక్కడ మాట్లాడేది బయటి బెల్ట్ గురించి.

కావలి_కుర్రోడు: అన్నలూ, ఒరిజినలా బయటిదా ఎవరూ చెప్పలేదు.

ఒంగోలు_షెడ్డు: పాత బెల్ట్ వీపు మీద 6పీకే అని, పక్కన ఒక అంకె ఉంటుంది. 6 గీతలు, తర్వాతది పొడవు మిల్లీమీటర్లలో. అది కలిస్తే మంచి కంపెనీది ఏదైనా వేసుకో. విప్పే ముందు ఏ పుల్లీ మీదుగా ఎటు పోయిందో ఫోన్లో ఫోటో తీసుకో. పొడుగు పానాతో టెన్షనర్ తిప్పితే బెల్ట్ వదులవుతుంది. కొన్ని బళ్ళకి టెన్షనరే ఉండదు, సాగే బెల్ట్ వస్తుంది. నీదలాంటిదైతే ఇంట్లో ముట్టుకోకు.

పెన్నా_గట్టు: నా తెగిన బెల్ట్ ఫోటో రేపు పెడతా.

ఆత్మకూరు_డీజిల్: వీపు మీద రాసింది కనపడేలా పెట్టండి.

ఉలవపాడు_మామిడి: షెడ్డు అన్నా, ఒంగోల్లో మీ షెడ్డెక్కడ? నాకు క్లచ్ పని ఉంది.