నైటింగేల్ అంటే కోకిలేనా?

ఇంగ్లీషు పాఠం అనువదిస్తూ నైటింగేల్ అనే పిట్టని కోకిల అని రాయొచ్చా, లేకపోతే బుల్‌బుల్ అందామా అని అడిగారు కదండీ. కవిత్వమైతే నిరభ్యంతరంగా రాయండి. మీది పక్షుల గురించిన పాఠం కాబట్టి వద్దనే అంటాను.

సరోజినీ నాయుడు గారి బిరుదు ఇంగ్లీషులో నైటింగేల్ ఆఫ్ ఇండియా, మనకు భారత కోకిల. అది స్థిరపడిపోయింది, బాగుంది కూడా. నైటింగేల్ ఐరోపాలో, పడమటి ఆసియాలో గూడు కట్టుకుని చలికాలానికి ఆఫ్రికా వెళ్ళిపోయే పిట్ట. మన తోటల్లో వినిపించదు. హైదరాబాదులో పుట్టిన కవయిత్రికి మనం రోజూ వినే గొంతు పేరే పెట్టుకున్నాం. పైగా కోకిలమ్మ అని ఆడపేరుతో పిలుస్తామే గానీ, కుహూ అని కూసేది మగ కోకిలే. నైటింగేల్‌లోనూ అంతే, రాత్రంతా పాడేది జత దొరకని మగ పిట్ట.

శాస్త్రంలో మాత్రం ఈ రెంటికీ దగ్గరి చుట్టరికం లేదు. పక్షుల్ని క్రమాలు అనే పెద్ద విభాగాలుగా, వాటిని మళ్ళీ ఉపక్రమాలుగా, కుటుంబాలుగా విడదీస్తారు. పాసెరిఫార్మిస్ అనే క్రమంలో గాయక పక్షులది ఒక ఉపక్రమం. నైటింగేల్ అందులోది. వినడానికి వింతగా ఉంటుంది గానీ కాకి కూడా అందులోదే! కోకిల కాదు, దాని క్రమమే వేరు. ఈ విభజన గొంతు తీపిని బట్టి చేసింది కాదు, వంశాన్ని, శబ్దపేటిక నిర్మాణాన్ని చూసి చేసింది. గాయక పక్షుల పిల్లలు పెద్దవాటి పాట విని నేర్చుకుంటాయి. కోకిల పిల్ల కాకి గూట్లో, కాకి పెట్టిన తిండి తిని పెరుగుతుంది. అందుకేగా దానికి పరభృతం, అంటే పరులు పెంచినది, అన్న పేరు. అంతకాలం కాకుల మధ్య ఉన్నా, పెద్దయ్యాక కుహూ అనే అంటుంది. ఆ కూత నేర్చుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది.

నైటింగేల్ శాస్త్రీయ నామం లుసీనియా మెగరింకోస్. 1831లో బ్రెమ్ అనే జర్మన్ పక్షి శాస్త్రవేత్త పెట్టాడు. చాలాకాలం దాన్ని థ్రష్‌లు అనే మరో రకం పాట పిట్టల కుటుంబంలో లెక్కవేశారు. డీఎన్‌ఏ పరిశీలనలు వచ్చాక మస్సికాపిడే అనే, ఈగలు పట్టే పిట్టల కుటుంబంలోకి మార్చారు. మన నల్లంచి, పెద్ద నల్లంచి ఉన్నది కూడా ఆ కుటుంబంలోనే. వేసవి తెల్లవారుజామున డాబా మీద యాంటెన్నా చివర కూర్చుని, తోక పైకెత్తి, ఒక వరసలోంచి ఇంకో వరసలోకి పోతూ పాడే నలుపు తెలుపు పిట్టను చూసే ఉంటారు. అదే పెద్ద నల్లంచి. నైటింగేల్‌కి మన పెరట్లో చుట్టం కావాలంటే నేను దాన్నే చూపిస్తాను.

బుల్‌బుల్ అందామా అన్న రెండో ప్రశ్నకు: పారశీక కవులు బుల్‌బుల్ అన్నది నైటింగేల్‌నే. కానీ మన దగ్గర బుల్‌బుల్ అంటే పిగిలిపిట్ట, అది మరో కుటుంబం. చదివే పిల్లల కళ్ళ ముందు వేరే పిట్ట వచ్చి వాలుతుంది. మొదటిసారి ‘నైటింగేల్ అనే పాట పిట్ట’ అని రాయండి, ఆ తర్వాత నైటింగేల్ అంటే చాలు.