సెన్సరీ రూమ్‌కి 10×12 గది: ముందు ఏది కొనాలి, ఏది వద్దు?

ప్రశ్న (స్కూల్ కోఆర్డినేటర్)

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సెన్సరీ రూమ్ (వెలుగు, శబ్దం, స్పర్శ వాళ్ళకు తగ్గట్టు అమర్చిన గది) పెట్టమని స్కూల్లో ఒక గది ఖాళీ చేసి ఇచ్చారు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, ఒక కిటికీ, పైన కాంక్రీటు స్లాబు. వాడబోయేది 11 మంది. ఎక్కువమందికి ఆటిజం. ఇద్దరు సెరిబ్రల్ పాల్సీతో (మెదడు దెబ్బతిని కదలికలు పట్టు తప్పే స్థితి) వీల్‌చైర్‌లో ఉంటారు, ఒకరికి మూర్ఛ, ఒకరికి డౌన్ సిండ్రోమ్. అమ్మేవాళ్ళ జాబితాలో బబుల్ ట్యూబ్ (రంగు వెలుగులో బుడగలు లేచే నీళ్ళ గొట్టం), ఫైబర్ ఆప్టిక్ లైట్లు (వెలిగే సన్నని తీగల కుచ్చు), ఉయ్యాల, బాల్ పూల్ (ప్లాస్టిక్ బంతులు నింపిన తొట్టి), సువాసన డిఫ్యూజర్ (గదిలో వాసన చిమ్మే పరికరం) ఉన్నాయి. అన్నీ పట్టవు. ఏది ముందు కొనాలి? బిగించేటప్పుడు ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి?

జవాబు 1 (ఆక్యుపేషనల్ థెరపిస్ట్)

ఆ జాబితా పక్కన పెట్టి, 11 మందికీ తలో కాగితం రాయండి మేడమ్. శబ్దం వినపడగానే చెవులు మూసుకునేది ఎవరు? గోడలకీ మనుషులకీ గుద్దుకుంటూ ఒత్తిడి వెతుక్కునేది ఎవరు? గిరగిరా తిరిగినా కళ్ళు తిరగనిది ఎవరికి? ఒకరిని నెమ్మదింపజేసే వస్తువే ఇంకొకరిని రెచ్చగొడుతుంది కాబట్టి ఈ కాగితాలు లేకుండా ఏది కొన్నా గుడ్డిదెబ్బే.

మొదటి ఖర్చు వెలుగునూ శబ్దాన్నీ తగ్గించడానికి పెట్టండి: కిటికీకి మందపాటి బ్లాకౌట్ తెర, నేలంతా మెత్తని మ్యాట్, తలుపు అంచులకు రబ్బరు పట్టీ. ఏదీ వెలగని, ఏదీ మోగని గది దొరికితేనే సగంమంది పిల్లలు తేరుకుంటారు. ఆ తర్వాత క్రాష్ మ్యాట్, బీన్ బ్యాగ్, సాగే గుడ్డతో కుట్టిన బాడీ సాక్, బరువున్న ల్యాప్ ప్యాడ్. ప్యాడ్ బరువు పిల్లవాడి బరువులో పదో వంతు దాటనివ్వకండి. 20 కిలోల పిల్లవాడికి 2 కిలోలే గరిష్ఠం. తనంతట తాను తీసేయలేని బిడ్డ మీద అసలు వేయకూడదు. ముఖం మీదికి ఎప్పుడూ రాకూడదు.

మూర్ఛ ఉన్న బిడ్డ విషయంలో, సెకనుకు 3 నుంచి 30 సార్లు మెరిసే కాంతి అత్యంత ప్రమాదకరం. రంగులు మెల్లగా మారే లైట్లే తీసుకోండి, గబగబా మారే మోడ్ ఉంటే దాన్ని శాశ్వతంగా ఆపేయించండి. డౌన్ సిండ్రోమ్‌లో మెడ పైభాగపు ఎముకల కీలు వదులుగా ఉండే అవకాశం ఉంది. డాక్టర్ అనుమతి రాకుండా పిల్లిమొగ్గలు, తలకిందులు చేయడం, ట్రాంపోలిన్ వద్దు.

డిఫ్యూజర్ వద్దే వద్దు. లైటునైతే ఆపగలం, వాసనను ఆపలేం. తర్వాత వచ్చే బిడ్డ కూడా దాన్నే పీల్చాలి. వీల్‌చైర్ తిరగడానికి 5 అడుగుల ఖాళీ వదలాలి కాబట్టి ఈ గదిలో బాల్ పూల్‌కీ చోటు లేదు.

జవాబు 2 (పరికరాలు బిగించే టెక్నీషియన్)

ఎక్కువ ఫిర్యాదులొచ్చేవి బబుల్ ట్యూబ్, ఉయ్యాల.

6 అంగుళాల వ్యాసం, 5 అడుగుల ఎత్తున్న ట్యూబ్‌లో దాదాపు 28 లీటర్ల నీళ్ళు పడతాయి, అంటే నీళ్ళ బరువే 28 కిలోలు. పిల్లలు దాన్ని కౌగిలించుకుంటారు, ఊపుతారు. అడుగున పెట్టెలో కూర్చోబెట్టడంతో సరిపెట్టకుండా పైభాగాన్ని కూడా బ్రాకెట్‌తో గోడకు పట్టించాలి. కుళాయి నీళ్ళు పోస్తే తెల్లటి పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి, తయారీదారు చెప్పిన నాచు నిరోధక ద్రవం కలపండి. స్పిరిట్‌తో తుడిస్తే యాక్రిలిక్ మీద సన్నని పగుళ్ళు వస్తాయి, సబ్బునీళ్ళు చాలు. గాలి పంపు నీటిమట్టం కన్నా కింద ఉంటుంది కనుక, కరెంటు పోగానే నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి దిగి పంపును పాడుచేస్తాయి. నీళ్ళను వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగండి. ట్యూబ్‌ను ఖాళీ చేసే గొట్టం ఎటు తీస్తారో కూడా ముందే ఆలోచించండి, లేకపోతే నీళ్ళు మార్చిన ప్రతిసారీ మ్యాట్లు తడుస్తాయి.

ఉయ్యాలను ఫ్యాన్ కొక్కేనికి కట్టకూడదు. కదలకుండా వేలాడే ఫ్యాన్ బరువు వేరు, ఊగుతూ గెంతే పిల్లవాడు వేసే లోడు వేరు. అది అతని బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. స్లాబును స్ట్రక్చరల్ ఇంజనీర్ చూశాకే రంధ్రం వేయండి. 10 అడుగుల వెడల్పులో ముందుకూ వెనక్కూ ఊగే ఉయ్యాలకు చోటు చాలదు. ఒకే కొక్కేనికి వేలాడే గుడ్డ ఉయ్యాల, పైన స్వివెల్ (తాడు మెలిపడకుండా తిరిగే జాయింటు), లాక్ పడే క్లిప్, కింద మందపాటి మ్యాట్ పెట్టండి. కొక్కెం అరిగిందేమో నెలనెలా చూడాలి.

ఇక కరెంటు సంగతి. 30 మిల్లీయాంప్ ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరి, ఎక్స్‌టెన్షన్ బోర్డులు వద్దు. వెలుగును తగ్గించి పెంచే డిమ్మర్‌కు సరిపోని ఎల్ఈడీ మిణుకుమంటుంది. ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి చూస్తే చారలు కనిపిస్తాయి. అన్నీ ఆన్ చేసి రెండు నిమిషాలు కదలకుండా నిలబడి వినండి. పెద్దవాళ్ళ చెవి పట్టించుకోని ఆ సన్నటి గుయ్యిమనే చప్పుడు కొందరు పిల్లలకు భరించలేనంత పెద్దది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. గదిలోకి వెళ్ళినవాళ్ళు బయటికి రానని మొండికేస్తే?

జవాబు 3 (స్పెషల్ ఎడ్యుకేటర్)

సమయం ముగిసిందని నోటితో చెప్పేకన్నా కంటికి కనబడేలా చేయండి. 15 నిమిషాల ఇసుక గడియారం, పక్కనే ‘ఇప్పుడు – తర్వాత’ బొమ్మల కార్డు. చివరి 3 నిమిషాల్లో వస్తువులు ఒక్కొక్కటే ఆపుతూ, మామూలు లైటు మెల్లగా పెంచండి. చీకట్లోంచి ఒక్కసారిగా వరండా వెలుగులోకి తెస్తే అప్పటిదాకా కుదుటపడిందంతా గుమ్మం దగ్గరే పోతుంది.

ఒకసారికి రెండు వస్తువులకు మించి ఆన్ చేయొద్దు. బబుల్ ట్యూబ్‌కి పెద్ద బటన్ స్విచ్ తగిలించి, వీల్‌చైర్ పిల్లలకు చెయ్యో తలో ఆనేచోట బిగించండి. తను నొక్కితేనే రంగు మారిందని ఆ బిడ్డకు తెలియాలి, అన్నీ మనమే నొక్కితే అది ఉత్త లైట్ల షో అయిపోతుంది. బటన్ బ్యాటరీ (నాణెంలా ఉండే చిన్న బ్యాటరీ) ఉన్న బొమ్మ ఏదైనా మూతకు స్క్రూ లేకపోతే గదిలోకి రానివ్వకండి, ఆ బ్యాటరీని మింగితే గంటల్లోనే అన్నవాహికను కాలుస్తుంది.

అల్లరి చేస్తే శిక్షగా ఈ గదికి పంపడం, బుద్ధిగా ఉంటే బహుమానంగా పంపడం రెండూ తప్పే. తలుపుకు గడియ వద్దు, బయటి నుంచి లోపల కనబడేలా గాజు పలక పెట్టించండి. వచ్చేముందు ఎలా ఉన్నాడు, ఏది వాడాడు, వెళ్ళేటప్పుడు ఎలా ఉన్నాడు, ఈ మూడూ ప్రతిసారీ ఒక్క గీతలో రాసుకోండి. నాలుగైదు సార్ల తర్వాతా మార్పు లేకపోతే ఆ బిడ్డకు ఆ వస్తువు మార్చాలి.