చేను కావలికి పోతే గుడ్లగూబ తల మీద తన్నింది, ఇట్లా ఇంకెవరికైనా అయిందా?

మంచె మీదోడు (దేవరకొండ దగ్గర)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మాది దేవరకొండ దిక్కు. గుట్ట కింద రెండెకరాలు పల్లి వేశాం, కాయ పట్టే టైముకి అడవి పందులు మొదలయ్యాయి. చుట్టూ పాత చీరలు కట్టాం, కుక్క అరుపుల మైకు పెట్టాం, నాలుగు రోజులు భయపడ్డాయి, ఐదో రోజు మైకు పక్కనే దున్నేసి పోయాయి. అందుకే సంక్రాంతి దాటినప్పటి నుంచి నేనూ మా చిన్నాయనా వంతులేసుకుని మంచె మీద పడుకుంటున్నాం.

మొన్న మంగళవారం రాత్రి పదకొండు దాటాక గుట్ట వైపు ఏదో గుర్రుమన్నట్టు అనిపించి, బ్యాటరీ లైటు వేయకుండా ఒర్రె (చిన్న వాగు) వెంబడి మెల్లగా పోతున్నాను. చలికి మంకీ టోపీ పెట్టుకున్నా, అదే, పైన ఉన్ని ఉండ ఉంటది చూడండి, అది. రెక్క చప్పుడు లేదు, గాలి కూడా లేదు, ఒక్కసారిగా వెనక నుంచి ఎవరో తడి గోనెసంచి చుట్టి కొట్టినట్టు తల మీద పడింది. టోపీ పోయింది. నేను కూర్చుండిపోయాను. చెవి పైన చెయ్యి పెడితే తడి తగిలింది.

బ్యాటరీ వేస్తే ఎదురుగా బండ మీద కూర్చుని ఉంది. మూర కంటే ఎత్తే ఉంటుంది, తల మీద కొమ్ముల్లా నిలిచిన రెండు ఈకల కుచ్చులు, నిప్పు రంగు కళ్ళు, నా వైపే చూస్తోంది. నేను లేవగానే అది బండ మీద నుంచి కింద పడి, ఒక రెక్క ఈడ్చుకుంటూ కుంటుకుంటూ పోసాగింది. అయ్యో, నా చెయ్యి తగిలి రెక్క విరిగిందేమో అని ఇరవై అడుగులు వెంట పోయాను. అంతే, ఏమీ కానట్టు లేచి ఎగిరిపోయింది!

ఇప్పుడు నా బాధలు. అమ్మ ఇంట్లో ఏడుపు, గూబ తన్నితే ఇంటికి అరిష్టం, శాంతి చేయించాలి, చేనుకి పోవద్దు అని. ఊళ్ళో ఒకాయన రెండుసార్లు ఫోన్ చేశాడు, "ఆ పిట్టను పట్టిస్తవా, మంచి పైసలొస్తయి" అంటాడు. చిన్నాయనేమో నేను నిద్రమత్తులో చెట్టుకొమ్మకి కొట్టుకున్నానంటాడు. అసలు అది నా మీదికి ఎందుకు వచ్చింది? మళ్ళీ వస్తుందా? పంట తీసే దాకా కావలి తప్పదు కదా.

---

ఎడ్లబండి_07

గూబ వచ్చి గూబ గుయ్యిమనిపించింది అన్నమాట 😂

జోకు పక్కన పెట్టు తమ్ముడూ, టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నావా లేదా? ఆ గోళ్ళతో అది ఎలుకల్ని చీల్చుకు తింటుంది. సబ్బుతో బాగా కడిగి డాక్టర్‌కి చూపించు, ఆ తర్వాతే శాంతీ గీంతీ.

---

పాలమూరు పాతకాపు

బాబూ, అది కొమ్ముగూబ. నువ్వు చెప్పిన దాంట్లో అసలు సంగతి తన్నడం కాదు, కుంటడం. రెక్క విరిగినట్టు నటించి నిన్ను వెంట తిప్పుకుందంటే ఆ ఒర్రెలో ఎక్కడో దాని గుడ్లో పిల్లలో ఉన్నాయి. ఈ పిట్ట గూడు కట్టదు. బండ కింద, ఒర్రె గట్టు అంచున కాస్త నేల గీరి అక్కడే గుడ్లు పెడుతుంది. కార్తీకం దాటిన దగ్గర్నుంచి చైత్రం దాకా దానికి అదే కాలం. నువ్వు చీకట్లో చప్పుడు లేకుండా పిల్లల దగ్గరికి పోతుంటే దాని లెక్కలో నువ్వు నక్కవే. పైగా తల మీద బొచ్చు ఉండ ఊగుతోందాయె.

నాకు అరవై ఆరు. మా నాయన కంజులు (కౌజు పిట్టలు) పట్టేవాడు. అప్పుడది తప్పని ఎవరూ అనుకోలేదు, 1972లో చట్టం వచ్చినా అది మా ఊరి పొలిమేర దాటడానికి చాలా ఏళ్ళు పట్టింది, ఇప్పుడు ఎవరన్నా పడితే నేనే తిడతాను. అయితే ఒకనాటి సంగతి చెప్తా. జొన్న కోసిన చేను, తెల్లవారుజాము. వల కట్టి, వల వెనక బుట్టలో దీమం కంజును, అంటే కూతతో మిగతావాటిని రప్పించే పెంపుడు కంజును పెట్టి, మేం ఇద్దరం గట్టు చాటున పడుకున్నాం. దీమం కూత మొదలుపెట్టింది. అవతల నుంచి కంజులు కూడా పలుకుతున్నాయి, అట్లా పలుక్కుంటూ నడిచి వస్తాయవి. ఇంకో నాలుగు గజాలు అనగా వేపచెట్టు మీద నుంచి జాలె డేగ రాయి విసిరినట్టు వచ్చి బుట్టను తన్నింది. బుట్ట పల్టీ, వల కూలిపోయింది, డేగ వలలో చిక్కింది, కంజులన్నీ బుర్రుమని లేచిపోయాయి.

నాయన తువ్వాల తీసి దాని తల మీద వేశాడు. కళ్ళు మూతపడితే డేగ చల్లబడిపోతుంది, అది ఆయనకు తెలుసు. కానీ వల విప్పేటప్పుడు ఒక కాలు జారి ఆయన బొటనవేలి మొదట్లో గోరు దించేసింది. నేను పరుగున పోయి వేళ్ళు విప్పబోతే "లాగకురా, లాగితే ఇంకా బిగుస్తది" అని అరిచాడు. నిజమే, కాలు మడిచి ఉన్నంతసేపూ ఆ పట్టు వదలదు. ఆయన రెండో చేత్తో దాని తొడ దగ్గర పట్టి కాలును మెల్లగా నిటారుగా సాగదీశాడు, పిడికిలి దానంతటదే తెరుచుకుంది. చిన్న పిట్ట, పావురం కంటే పెద్దది కాదు. ఆ కన్ను మాత్రం ఇప్పటికీ గుర్తుంది, ఎర్రగా, మంకెన పువ్వులా. మగ డేగకు అట్లా ఎర్రగా ఉంటుంది, ఆడదానికి పసుపు.

దీమం చచ్చిపోయింది. మంచి దీమం దొరకడం అంత సులువు కాదు, నాయన డేగను గాల్లోకి వదులుతూ దాని తల్లినీ తండ్రినీ కలిపి తిట్టాడు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను.

నీ సంగతికి వస్తే, ఆ ఒర్రె దారి మార్చు, ఓ వంద అడుగులు ఎడంగా తిరిగి పో. పిల్లలు ఎగరడం రాకముందే నడిచి బయటికి వస్తాయి, కాబట్టి పంట తీసేటప్పుడు కూడా ఆ గట్టు దగ్గర జాగ్రత్త. తప్పక పోవాల్సి వస్తే బండి హెల్మెట్ పెట్టుకో, సిగ్గుపడకు.

---

ఎడమకాలువ (మిర్యాలగూడ)

పాతకాపు గారి మాటకు ఇంకోటి కలుపుతాను. గూడు లేకపోయినా ఇవి మనిషి దగ్గరికి వస్తాయి, చప్పుడు వల్ల.

మా దగ్గర వరి కోతలయ్యాక ఎలుకల వేట ఉంటుంది. బొరియకు కుండ ఆనించి, లోపల గడ్డి రాజేసి పొగ ఊదుతారు, మిగతా బొక్కల దగ్గర మేము కర్రలతో కాచుకుని కూర్చుంటాం. పోయినేడు ఇంకా చీకటి పడుతుండగానే చేశాం. ఒక ఎలుక బయటికొచ్చి గట్టు మీద కీచుమంది, నేను చెయ్యి చాపాను, నా చేతికీ ఎలుకకీ మధ్యలో తెల్లగా ఏదో దిగింది, లేచింది, ఎలుక లేదు. ముఖం హృదయం గుర్తులాగ ఉంటుంది చూడండి, అదే గూబ, ఊళ్ళో చావుపిట్ట అంటారు. చెప్తే నమ్మరు, నా వేలికి దాని ఈక తగిలింది, అయినా చప్పుడు లేదు. దాని రెక్క ముందు అంచు దువ్వెన పళ్ళలా ఉంటుంది, గాలి అక్కడే చీలిపోతుంది కాబట్టి వినపడదు. దాని చెవులు కూడా ఒకటి కొంచెం పైకి, ఒకటి కిందికి ఉంటాయి, అందుకే చీకట్లో కూడా కీచుమన్న చోటు కచ్చితంగా పట్టేస్తుంది.

చిన్నప్పుడు మేము ముంజేతి వెనక పెదాలు ఆనించి పీలిస్తే కీచు కీచుమని వచ్చేది. చింతచెట్టు కింద కూర్చుని అట్లా చేస్తే పైడికంటి, అంటే చిన్న గూబ, వచ్చి చెయ్యెత్తు కొమ్మ మీద వాలి, తల పైకీ కిందికీ, పక్కలకీ ఆడించేది. దూరం కొలుచుకోవడానికట, గూబ కళ్ళు గుంతల్లో కదలవు కాబట్టి తలే కదపాలి. మేమేమో మాకు దండం పెడుతుందనుకునేవాళ్ళం.

ఒక చేదు మాట కూడా. చాలామంది ఎలుకలకు బ్రోమాడియోలోన్ మందు పెడతారు. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది, గూబకి అదే సులువుగా దొరుకుతుంది. మా మోటార్ షెడ్డులో జంట ఉండేది, మందు పెట్టిన సీజన్లోనే ఒకటి చచ్చి పడి ఉంది. ఇప్పుడు మందు మానేసి పిట్టలు వాలడానికి పొలంలో టీ ఆకారం కర్రలు పాతాం. పగలు ఏట్రింతలు (తోక చీలిన నల్ల పిట్టలు), రాత్రి గూబలు.

---

లైటు పట్టేవాడు

నేను అనుమతి ఉన్న షూటర్ వెంట పందుల కోసం మూడు నాలుగు ఊళ్ళు తిరిగాను, తుపాకీ ఆయనది, లైటు నాది. నేర్చుకున్న మొదటి పాఠం, పంది కన్ను లైటుకి కుక్క కన్నులాగా మెరవదు. గేదె, కుక్క, నక్క మెరుస్తాయి. పందికి ఆ మెరుపు పొర ఉండదు, మహా అయితే మసకగా ఏదో. నేల మీద నిప్పుకణాల్లా రెండు ఎర్రగా కనబడితే అది దారిలో కూర్చున్న కప్పిరి పిట్టో, గూబో అయి ఉంటుంది. తొందరపాటు మనుషులు "కండ్లు, కండ్లు" అని కాల్చేస్తారు. ఒకసారి నా పక్కనోడు ఎగిరెగిరి "పంది పంది" అంటుంటే లైటు దించి చూపించాను, గట్టు మీద కొమ్ముగూబ, కాలి కింద కుందేలు పిల్ల. మేము వేటకి వచ్చామని దానికేం పట్టింపు, దాని వేట అదే చేసుకుంటోంది. లైటు మొహం మీద వేసినందుకు ఒకసారి కళ్ళు చికిలించింది, అంతే.

ఇంక తమ్ముడూ, ఆ ఫోన్ చేసే మనిషి సంగతి. గూబను పట్టినా, అమ్మినా, దగ్గర పెట్టుకున్నా వన్యప్రాణి చట్టం కింద కేసే. దీపావళి ముందు పూజలకని, గుప్తనిధులకని ఇట్లాంటి వాళ్ళు ఊళ్ళ మీద పడతారు. చోటు ఎక్కడో అస్సలు చెప్పకు, ఇక్కడ ఫొటో కూడా పెట్టకు. మళ్ళీ ఫోన్ చేస్తే నంబరు అటవీ శాఖ వాళ్ళకి ఇవ్వు.

---

మక్తల్ మనిషి

పగటి వేటగాళ్ళ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చిన్నగా. మా కృష్ణ ఒడ్డు బీళ్ళలో చలికాలం పిల్లిగద్దలు దిగుతాయి, కజకిస్తాన్ వైపు గడ్డి మైదానాల నుంచి వస్తాయవి. గొర్రెల వెంట నడిచేటప్పుడు మా కుక్కకి రెండు గజాల ముందు, నడుమెత్తులో తేలుతూ పోతుంది. కుక్క పొదలో దూరితే మిడత లేస్తుంది, పిట్ట లేస్తుంది, గద్ద టక్కున పట్టేస్తుంది. మా కుక్క కష్టం, దాని భోజనం. కుక్కకి అర్థమయ్యి ఒకరోజు అలిగి కూర్చుంది, నిజంగా.

ఎండుగడ్డి తగలబెట్టినప్పుడు మామూలు గద్దలు కూడా పొగ చుట్టూ చేరతాయి, అదీ ఇదే లెక్క.

---

మంచె మీదోడు (దేవరకొండ దగ్గర)

అందరికీ థాంక్స్. టీటీ వేయించుకున్నాను. డాక్టర్‌కి గూబ తన్నిందంటే మొదట నవ్వాడు, తర్వాత మూడు గీతలు చూసి ఊరుకున్నాడు.

పాతకాపు గారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. నిన్న పగలు చిన్నాయనను తీసుకుని ఒర్రెకు అవతలి గట్టు మీదికి, చాలా దూరంగా పోయి, ఫోన్ జూమ్ చేసి చూశాం. బండ కింద అరుగులాంటి చోట దూదిపింజెల్లాగా రెండు. తల్లి పక్కనే, బండ రంగులో కలిసిపోయి, కళ్ళు సగం మూసుకుని. మేము కనబడగానే కొమ్ములు లేచాయి, వెంటనే వెనక్కి వచ్చేశాం. వచ్చే దారిలో ఒక రాయి కింద బూడిద రంగు ఉండలు దొరికాయి, అది మింగి అరగనిది కక్కేస్తుందట కదా. చిన్నాయన పుల్లతో విప్పాడు. బొచ్చు, ఎముకలు, బియ్యపు గింజంత పళ్ళు. ఒక్క ఉండలోనే మూడు ఎలుకల పుర్రెలు. చిన్నాయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మన పల్లికాయ తిన్న ఎలుకలేరా ఇవి" అన్నాడు. ఇప్పుడు చెట్టుకొమ్మ కథ ఆయన చెప్పడం లేదు.

అమ్మకి ఆ పుర్రెలు కాగితంలో చుట్టి తెచ్చి చూపించాను. శాంతి ఇంకా రద్దు కాలేదు, శనివారం నుంచి వచ్చే శనివారానికి జరిగింది. పందులు ఎట్లాగూ వస్తున్నాయి, మంచెను చేను రెండో వైపుకి మార్చుకున్నాం. ఫోన్ చేసినాయనకి అది ఎగిరిపోయిందని చెప్పాను.

టోపీ కూడా కనబడింది, పిల్లలకు రెండు మూరల దూరంలో. తేవడానికి మాత్రం పోను.

---

ఎడ్లబండి_07

ఉన్ని ఉండ ఉందా, పీకేసిందా?

---

మంచె మీదోడు (దేవరకొండ దగ్గర)

లేదన్నా. అది పోయింది.