హామ్‌వెన్షన్‌కి సొంతంగా కట్టిన బ్యాటరీ: విమానంలో ఎలా తీసుకెళ్లాలి?

మే నెలలో ఒహాయోలోని జీనియాలో జరిగే హామ్‌వెన్షన్‌కి (హామ్ రేడియో అభిరుచి ఉన్నవాళ్ల మేళా) డాలస్ నుంచి విమానంలో వెళ్తున్నాను. ఫ్లీ మార్కెట్లో పాత హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) రేడియో సెట్ ఒకటి కొనాలని ఆశ. డబ్బులిచ్చే ముందు అక్కడే ఆన్ చేసి రిసీవ్ చూసుకోవాలంటే 12 వోల్టుల బ్యాటరీ చేతిలో ఉండాలి. "ఇంట్లో బాగానే పనిచేసింది" అనే మాట నమ్మి ఒకసారి మోసపోయాను లెండి.

నా ప్యాక్: 32700 సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ నాలుగు, 6 ఆంపియర్ అవర్లు, 20 ఆంపియర్ల బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్), పవర్‌పోల్ కనెక్టర్. 12.8 వోల్టులు × 6 లెక్కన 76.8 వాట్ అవర్లు, అంటే విమానాల్లో ఉండే 100 వాట్ అవర్ల పరిమితిలోపే. విడి లిథియం బ్యాటరీలు చెకిన్ బ్యాగులో పెట్టకూడదు కాబట్టి కేబిన్ బ్యాగే దిక్కు.

గత నెల వేరే ప్రయాణంలో తీసుకెళ్తే స్కానర్ దగ్గర ఆపేశారు. వాట్ అవర్ల లేబుల్ లేదన్నారు. 25 నిమిషాలు వాదించి, చివరికి ప్యాక్‌ని పార్కింగ్‌లో కారులో పెట్టి వచ్చాను. తర్వాత లేబుల్ ప్రింట్ చేసి అంటించాను, కనెక్టర్‌కి మూత పెట్టాను, సెల్స్ డేటాషీట్ కూడా తీసిపెట్టాను. ఎయిర్‌లైన్‌కి రెండుసార్లు ఫోన్ చేస్తే ఒకరు పర్వాలేదన్నారు, ఇంకొకరు ఇంట్లో కట్టినవి కుదరవన్నారు. 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసుకెళ్దామనుకున్నాను, కానీ రెండు కిలోలు దాటే బరువు రోజంతా మోయలేను.

ఇలా సొంతంగా కట్టిన ప్యాక్‌ని అమెరికా లోపలి విమానాల్లో తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, స్కానర్ దగ్గర ఏం చూపిస్తే వదిలారు?