అప్‌డేట్: రేవెన్‌లాక్ వీడియో గేమ్ కొన్నాను, పూర్తి చేశాం

పోయిన నెల అడిగాను కదా, మా అక్క కూతురికి పదేళ్లు, యాక్షన్ ఆర్‌పీజీలు (కథలో ఒక పాత్రగా తిరుగుతూ పోరాడే గేమ్‌లు) అసలు ఆడలేదు, రేవెన్‌లాక్‌తో మొదలుపెట్టించవచ్చా అని. సగం మంది వద్దన్నారు, ఫైటింగ్‌లో లోతు లేదని. అది నిజమే. కత్తి, డాలు, నాలుగు స్కిల్స్, అంతే, కొంతసేపటికి ఒకే బటన్ నొక్కుతూ ఉన్నట్టుంటుంది. నాకు బోర్ కొట్టింది, కానీ దానికి కొట్టలేదు, పెద్ద బాస్‌ని, అంటే మిగతావాళ్లకంటే గట్టి శత్రువుని, మొదటిసారి ఓడించినప్పుడు సోఫా మీద నుంచి ఎగిరి గంతేసింది.

2023లో వచ్చిన ఈ గేమ్ చేసింది టొరంటోలోని కోకోకుకుంబర్ అనే చిన్న స్టూడియో. ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ కథ నుంచి స్ఫూర్తి తీసుకున్నారు, ఊరి ఇంటికి మారిన కిరా అనే అమ్మాయి అద్దంలోంచి వేరే లోకంలోకి వెళ్లి గొంగళిపురుగు రాణితో పోరాడుతుంది. బొమ్మలన్నీ చిన్న చిన్న ఘనాలు పేర్చి కట్టినట్టుంటాయి, వాటి మీద పడే వెలుతురు మాత్రం, నిజంగా చెప్తున్నా, ఎంత బాగుందో. అడవిలో ఊరికే తిరుగుతూ ఉండిపోయాం.

ఒక్క ఇబ్బంది, మాటలన్నీ ఇంగ్లిష్‌లో చదువుకోవాలి. నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ పోయాను, అదే మా ఇద్దరికీ బాగా నచ్చిన భాగం. నాలుగు వారాంతాల్లో అయిపోయింది. పెద్దవాళ్లు తమ కోసమైతే డిస్కౌంట్ వచ్చేదాకా ఆగండి, పిల్లలతో ఆడేవాళ్లు ఆగక్కర్లేదు.