జూడిత్ రోడిన్ బాగుచేసిన వెస్ట్ ఫిలడెల్ఫియా ఎవరికి దక్కింది?

కృష్ణాతీరం:
జూడిత్ రోడిన్ మనస్తత్వవేత్త. 1994 నుంచి 2004 దాకా పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం అధ్యక్షురాలు. క్యాంపస్ చుట్టూ ఉన్న వెస్ట్ ఫిలడెల్ఫియాను ఆమె నిలబెట్టారని కొందరంటారు, పేదల్ని సాగనంపారని ఇంకొందరు. నేననేది, తన పరిశోధన చెప్పినదాన్నే ఆమె పక్కన పెట్టారని. 1970ల్లో మరో మనస్తత్వవేత్త ఎలెన్ లాంగర్‌తో కలిసి కనెక్టికట్‌లోని ఓ వృద్ధాశ్రమంలో ఆవిడ ప్రయోగం చేశారు. ఒక అంతస్తు వాళ్లను మొక్క ఎంచుకోమని, నీళ్లు మీరే పోసుకోమని చెప్పారు. ఇంకో అంతస్తులో మొక్క చేతికిచ్చి, నర్సులు చూసుకుంటారన్నారు. మొదటివాళ్లలో హుషారు పెరిగింది. మన బతుకు మీద మనకు పట్టుండాలనేగా దాని సారం! పేట జనానికి ఆ పట్టు ఏదీ?

బళ్లో_టీచర్:
1996 సంగతి వదిలేస్తే ఎలాగండీ? అక్టోబరు 31 రాత్రి క్యాంపస్ దగ్గరే ఓ పరిశోధకుణ్ణి పొడిచి చంపారు. గోడ కట్టుకుని లోపల కూర్చోవచ్చు. ఆమె ఆ పని చెయ్యలేదు. వీధుల శుభ్రతకూ భద్రతకూ 1997లో ప్రత్యేక సంస్థ, 40వ వీధిలో సూపర్ మార్కెట్, 2001లో పెన్ అలెగ్జాండర్ సర్కారు బడి. ఆ బడికి విశ్వవిద్యాలయం ఒక్కో పిల్లకు ఏటా వెయ్యి డాలర్లు సొంతంగా ఇచ్చింది. ఏ విశ్వవిద్యాలయం పక్కింటి పిల్లల కోసం అంత చేస్తుంది?

ఓరుగల్లు_పిల్ల:
బడి మంచిదే టీచర్ గారూ. చిక్కంతా దాని హద్దు గీతతోనే. గీత లోపల ఇల్లుంటేనే సీటు. దాంతో లోపల ఇళ్ల ధరలు ఎగబాకాయి, అద్దెకుండేవాళ్లు తట్టుకోలేకపోయారు. 1960ల్లో అభివృద్ధి పేరిట బ్లాక్ బాటమ్ అనే నల్లజాతివాళ్ల పేటను ఆ దగ్గర్లోనే కూల్చేశారు. అక్కడివాళ్లు విశ్వవిద్యాలయాన్ని చూసి భయపడ్డారంటే ఊరికే కాదు.

బళ్లో_టీచర్:
ఆ పాపం ఆమె పుట్టించింది కాదు. అద్దె ఇళ్లు కొని అందుబాటు ధరకు ఉంచడానికి నిధి కూడా పెట్టారు. జనంతో సమావేశాలూ జరిగాయి.

కృష్ణాతీరం:
జరిగాయి, కాదనను. కానీ సమావేశంలో మాట్లాడనివ్వడం వేరు, డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చే చోట కుర్చీ వెయ్యడం వేరు. బడి హద్దు గీసే ముందే ఆ గీత లోపలి అద్దెదారులకు ఇన్నేళ్ల దాకా ఇల్లు ఖాళీ చేయించబోమని రాతపూర్వకంగా హామీ ఇప్పించి ఉండాల్సింది. మొక్కకు ఎవరు నీళ్లు పొయ్యాలన్న చిన్న విషయమే మనిషిని మారుస్తుందని చూపించిన ఆవిడ నుంచి ఆ మాత్రం ఆశించడం అత్యాశ కాదు.